ఇంటి దుబాసీ ధర్మము

సంఘముల సంచికలలో మనవారు సాధారణముగా భాషనుగూర్చియు, పండుగలనుగూర్చియు, పూర్వుల ఘనతనుగూర్చియు వ్రాయుదురు. నేను మూత్రపిండముల వ్యాధినిగూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా దోచవచ్చును. కాని భాషకును ఆ వ్యాధికిని సంబంధము కలిగిన చోటు ఒకటి కలదు. అది ఆస్పత్రిలో వైద్యుని బల్ల ముందరి చోటు. బల్లకు ఆవల వైద్యుడు. ఈవల మన యింటి వృద్ధుడు. నడుమ నిలిచి ఒకరి మాట మరియొకరికి చేరవేయువాడు మనుమడో, కోడలో, అల్లుడో. పూర్వము కుంపినీ దొరలకును మన జమీందారులకును నడుమ ఇట్టి పని చేసినవారిని దుబాసీలనిరి. వారిలో ధర్మాత్ములును గలరు, రెండు పక్షములవారిని ముంచి మేడలు కట్టినవారును గలరు. మన యింటి దుబాసీకి జీతమును లేదు, మేడయు లేదు. అతనికున్నది తాతగారిమీది ప్రేమయే. ఆ ప్రేమచేతనే అతడు వైద్యుని మాటలో సగమును మ్రింగివేయుచున్నాడు. ఇది తగునా, తగదా అనునది నేను విచారింపదలచిన ప్రశ్న.

మా బరంపురమున తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై గంజాము అందులో చేరినప్పుడు మా పెద్దలు ఉన్నచోటనే ఉండిపోయిరి. బజారులో ధారాళముగా ఒడియా మాటలాడు మా ముత్తైదువలు ఆస్పత్రి ఒడియా వినగనే తికమకపడుదురు. కూరగాయలు బేరమాడుటకు వలయు మాటలు వేరు; ‘ఫైబ్రోసిస్’ అను మాట వేరు. నిజమునకు ఆ మాట ఒడియాయు గాదు, తెలుగును గాదు. మదరాసులోని మనవారికి తమిళముతోను, బళ్ళారివారికి కన్నడముతోను, షోలాపురము పద్మశాలీలకు మరాఠీతోను ఇదే చిక్కు. యానామున వైద్యుడు తెలుగువాడే కావచ్చును. అయినను అతని చీటీ తెలుగు కాదు.

ముందు విషయమును కొంత తెలిసికొందము. ఒక్కొక్క మూత్రపిండము బరువు సుమారు 150 గ్రాములు. అందులో నెఫ్రాన్లనబడు కంటికి కనబడని వడపోత సాధనములు సగటున పది లక్షల వరకు నుండును. కొందరిలో అందు సగమును ఉండకపోవచ్చును, కొందరిలో రెట్టింపు ఉండవచ్చును. ఇవి శిశువు గర్భమున నుండగనే తయారగును. పుట్టిన పిమ్మట క్రొత్తది ఒక్కటియు చేరదు. రెండు పిండములును కలిసి దినమునకు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు ఇంచుమించు ఒకటిన్నర లీటరును మూత్రముగా విడిచి, తక్కినదంతయు తిరిగి రక్తములోనికి పంపును. మధుమేహముచేతగాని, రక్తపు పోటుచేతగాని, విషద్రవ్యములచేతగాని, వట్టి వయస్సుచేతగాని ఒక నెఫ్రాను చెడినచో ఆ స్థలమున పీచువంటి కండ పేరుకొని గట్టిపడును. దీనినే వైద్యులు స్కారింగ్ అనియు, ఫైబ్రోసిస్ అనియు అందురు. మా వీధి మగ్గములపై తెగిన పోగును రెండు వ్రేళ్ళతో మెలిపెట్టి అతుకుదురు. మూత్రపిండమున తెగిన పోగునకు అతుకు లేదు. మిగిలిన పోగులు దాని బరువును పంచుకొనును. ఆ బరువు మితిమీరినచో అవియు అరుగును. ఈ సంగతిని 1982లో బ్రెన్నర్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు వివరించినారు.

అయినచో గట్టిపడుట అంతయు వ్యాధియేనా? ఇచ్చటనే మొదటి చిక్కు పుట్టుచున్నది. అమెరికాలోని మేయో క్లినిక్ వారు, పరీక్షించి ఆరోగ్యవంతులని తేల్చిన పిమ్మట ఒక మూత్రపిండమును ఇతరులకు దానము చేసినవారిని 1,203 మందిని తీసికొని, వారి పిండముల తునకలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి 2010లో ఫలితములు ప్రకటించిరి. 30 ఏండ్ల లోపువారిలో ఈ గట్టిపడుట 2.7 శాతము మందిలో కనబడినది. 70 ఏండ్లు దాటినవారిలో 73 శాతము మందిలో కనబడినది. వీరందరును దానమిచ్చుటకు తగినవారని వైద్యులే ఒప్పుకొన్నవారు! 2017లో ప్రకటించిన మరియొక పరిశీలనలో, యౌవనమున ఒక్కొక్క పిండములో పది లక్షలకు చేరువగా నున్న పనిచేయు నెఫ్రాన్లు 70 ఏండ్లు దాటువేళకు అయిదు లక్షల పైచిలుకునకు దిగునని లెక్క తేలినది. అనగా తల నెరయుట వంటిదే మూత్రపిండమునకు కూడ ఒకటి కలదు. అందరికిని ఒకే తీరున రాదు. బాల్టిమోరులో ఏండ్ల తరబడి పరిశీలించిన 254 మంది ఆరోగ్యవంతులలో మూడవవంతు మందికి వయస్సు పెరిగినను వడపోత తగ్గలేదని 1985లోనే తెలియవచ్చినది. తల నెరయనివారు మన ఊరిలోను కొందరుందురు గదా.

కాని పరీక్షచీటీకి తల నెరసినవాడును, నెరయనివాడును ఒక్కటే. 2002లో అమెరికా మూత్రపిండ సంస్థవారు ఏర్పరచిన నిర్వచనమే లోకమంతట వ్యాపించినది. వడపోత వేగము నిమిషమునకు 60 మిల్లీలీటర్లకు తక్కువై మూడు మాసములు దాటినచో, వయస్సు ఎంతయైనను, దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి యున్నదని వ్రాయుదురు. మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోని వృద్ధునకు, సంఖ్య నిలుకడగా 50 దగ్గర నున్నచో, వ్యాధిగ్రస్తుడని పేరు పెట్టుట న్యాయమా యని ఆ శాస్త్రమునందే పెద్ద తగవు జరుగుచున్నది. వయస్సును బట్టి హద్దు మార్చవలెనని కొందరును, హద్దు మార్చినచో నిజమైన రోగులను విడిచిపెట్టుదుమని కొందరును వాదించుచున్నారు. మనము తీర్పు చెప్పజాలము. కాని ఒకే సంఖ్యకు రెండు అర్థములుండునని మాత్రము ఎరిగి యుండవలెను.

దీనికి నిదర్శనము మాకు కూతవేటు దూరముననే కలదు. ఇచ్ఛాపురము దాటగనే కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతముల ఉద్దానము. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా నుండు ఆ సీమలో మధుమేహము గాని రక్తపు పోటు గాని ముందుగా లేనివారు కూడ, నలుబది ఏబది ఏండ్ల కష్టజీవులు, మూత్రపిండములు గట్టిపడి పడిపోవుచున్నారు. నీరని కొందరు, ఎండలో చాకిరి యని కొందరు, పురుగుమందులని కొందరు. కారణము నేటికిని నిశ్చయము కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీనికొరకే పరిశోధనా కేంద్రమును, 200 పడకల ఆస్పత్రిని ప్రారంభించిరి. మాలో పెక్కుమందికి ఆ గ్రామములలో వియ్యములున్నవి. అచ్చటి నలుబదియేండ్ల జీడితోట కూలీ చీటీలో 45 అని యున్నచో అది ఇంటికి పిడుగు. ఇచ్చట ఎనుబదియేండ్ల తాతగారి చీటీలో 45 అని యున్నచో అది తరచుగా వయస్సు వ్రాసిన వ్రాతయే. అమెరికాలో రెండు లక్షలకు మించిన మాజీ సైనికుల లెక్కలను చూచి 2007లో ప్రకటించిన పరిశీలన దీనిని స్పష్టము చేసినది. 45 ఏండ్ల లోపువారిలో సంఖ్య 45కు దిగువ నుండగనే, మరణము కంటె ముందుగా డయాలిసిస్ అవసరమగుట ఎక్కువ. 65 మొదలు 84 ఏండ్ల వారిలో సంఖ్య 15కు దిగువ పడిన పిమ్మటనే అట్లు జరుగుచున్నది. అంతకు పైనున్నవారు మూత్రపిండము పూర్తిగా ఆగకమునుపే వేరొక కారణమున, తమ కాలము వచ్చి పోవుచున్నారు.

ఉద్దానపు బంధువును చూచివచ్చిన కన్నులతో మన తాతగారి చీటీని చదివిన మనుమడు ఏమనుకొనును? తాతగారిది కూడ ఆ దారియే యనుకొనును. చీటీలోని మాటలు అతనికి తోడ్పడవు సరికదా మరింత బెదరించును. ‘క్రానిక్’ అనగా చాలకాలముగా నున్నదని మాత్రమే అర్థము. మనవారు ‘ముదిరిపోయినది’ అని వినుచున్నారు. ‘ఫెయిల్యూర్’ అనగా పరీక్ష తప్పిన పిల్లవాని వలె ఇక చేయునది లేదని వినుచున్నారు. ‘స్కార్’ అనుదానిని ‘మచ్చ’ యని చెప్పినచో, ‘మచ్చయే గదా, పోవునులే’ యని ఒకరును, ‘వంశమునకు మచ్చ’ యని మరియొకరును అనుకొందురు. నూటికి ఇంత యని చెప్పినచో అదియొక వేడుక. ముప్పదియైదు వచ్చినది గనుక పాసు మార్కులే యని ఒక పెద్దమనిషి నాతో సంతోషముగా చెప్పినాడు. ఆయన కాలమున హిసాబులో అన్ని మార్కులే వచ్చెడివట!

మన వాడుకలో రోగము రెండు విధములు: నయమగునది, నయము కానిది. మూడవది కలదని మన పూర్వవైద్యులు ఎరుగుదురు. చరకసంహితలోను సుశ్రుతసంహితలోను ‘యాప్యము’ అను ఒక తెగ చెప్పబడినది. అది పూర్తిగా పోదు. పథ్యముచేతను ఔషధముచేతను దానిని నిలిపి, దానితోనే కాలము గడుపవచ్చును. పడబోవు ఇంటిని సరిగా నిలిపిన ఊతగుంజ కాపాడినట్లు చికిత్స యాప్యరోగిని కాపాడునని సుశ్రుతుని పోలిక. ‘క్రానిక్’ అను మాటకు నా యెరుకలో ఇంతకంటె సరియైన తెలుగు లేదు. నేడు ఆ గుంజలు మునుపటి కంటె గట్టివి. రక్తపు పోటును అదుపులో నుంచు కొన్ని మందులు మూత్రపిండమును గూడ కాపాడుచున్నవి. మధుమేహమునకై పుట్టిన గ్లిఫ్లోజిన్ తెగ మందులు మధుమేహము లేనివారి మూత్రపిండముల క్షీణతను గూడ మందగింపజేయునని 2020 తరువాత వచ్చిన పెద్ద పరిశీలనలు చూపినవి. వైద్యుని అడుగకుండ మోకాళ్ళ నొప్పికి కొని మ్రింగు మాత్రలు ఆ గుంజను నరికివేయును. ఈ యొక్క ముక్క సరిగా చేరవేసిన దుబాసీ తాతగారికి కొన్ని సంవత్సరములు దానము చేసినవాడగును. కాని ‘ఏమియు లేదు’ అని చెప్పిన నోటితో ‘ఈ మాత్ర మానుము’ అని చెప్పుట ఎట్లు? ఏమియు లేనప్పుడు మానుట ఎందుకని తాతగారు అడుగరా?

మా వీధిలో ఒక వృద్ధ నేతగాడు, దేవాంగులు, ఎనుబదికి సమీపించినవాడు, ఈ అవస్థకు లోనయ్యెను. వైద్యుడు పావుగంటసేపు నెమ్మదిగా వివరించినాడట: పిండములు వయస్సుతో గట్టిపడినవి, మూత్రములో దోషము స్వల్పము, ఆరు మాసములకొకసారి చూపించుకొన్నచో చాలును, డయాలిసిస్ అవసరము రాకపోవచ్చును. తాత “ఏటన్నాడురా?” యని అడిగెను. మనుమడు “ఏటీ నేదు తాతా, బలానికి మాత్తర్లు రాసిండు” అనెను. పావుగంట మాటకు అరనిమిషపు తెలుగు! నలుబదియేండ్లు పట్టు నేసిన మనిషికి మూరల లెక్క తెలియదా? ఇంటికి వచ్చిన పిమ్మట కొడుకులు గదిలో మెల్లగా మాటలాడుకొనిరి. కోడండ్రు అడుగకయే ఇష్టమైన కూరలు వండిరి. అమ్మాయి పర్లాకిమిడినుండి కారణము చెప్పకుండ వచ్చెను. తాత తన కాలము రోజులలో నున్నదని నిశ్చయించుకొని అన్నము తగ్గించెను, మగ్గము గదికి పోవుట మానెను, దాచుకొన్న సొమ్మును ముగ్గురు మనుమరాండ్రకు పంచిపెట్టెను. రెండు మాసములు ఇట్లు జరిగిన పిమ్మట, మరియొక పనిమీద వచ్చిన బంధువైన కాంపౌండరు చీటీ చదివి ఉన్నదున్నట్లు చెప్పెను. తాత అప్పుడు చేసిన మొదటి పని మనుమని పిలిచి కోప్పడుట, రెండవది భోజనము. నిజము మెత్తనిది, దానిని కప్పిన మౌనము కఠినమైనది. ఇట్టి ఇండ్లు ఎన్ని యున్నవో!

‘అతనికి నిజము మెత్తనిది గనుక సరిపోయినది, కఠినమైనచో?’ యని అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. అప్రియమైన సత్యమును పలుకరాదని మనుస్మృతి చెప్పుచున్నదని ఒకరందురు. నిజమే, నాలుగవ అధ్యాయమున నున్నది. కాని ప్రియమైన అసత్యమును గూడ పలుకరాదని ఆ శ్లోకముననే, వెంటనే యున్నది. నేను ముప్పదియైదేండ్లు నకలు గుమాస్తాగా పనిచేసితిని. అసలులో సగము వాక్యమును విడిచి వ్రాసిన కాగితమునకు ‘సరియైన నకలు’ అను ముద్ర మా కచ్చేరీలో పడెడిది కాదు. శాస్త్రమును సగము నకలు చేయువారికి ఎవరును ముద్ర అడుగుట లేదు!

చరకుని మాట ఇంతకంటె బరువైనది. విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున శిష్యునకు చేయు ఉపదేశములో, రోగి ఆయువు క్షీణించుచున్నదని తెలిసినను, చెప్పుటచేత రోగికిగాని ఇతరులకుగాని ఘాతము కలుగునట్టి చోట చెప్పరాదని యున్నది. దీనిని త్రోసిపుచ్చుటకు నాకు సాహసము లేదు. గుండె బలహీనముగా నున్న రోగికి, తొందరపడి, నడవలో నిలుచుండి, ఇన్ని నెలలని చెప్పు వైద్యుని నేను మెచ్చను. అయితే ఈ నియమము ఘాతము కలుగు చోటనే అనుచున్నది. అన్ని చోట్ల ననలేదు. ఘాతము కలుగునో లేదో తెలిసికొనుటకు రోగిని చూడవలెను, మాటలాడింపవలెను. మనము రోగిని చూచుటకు ముందే, మన గుండె కొట్టుకొనుట విని, అది అతని గుండె యనుకొనుచున్నాము. చరకుని కాలమున ఆయువు క్షీణించుచున్నదని తెలిసినను రోగి నిర్ణయింపవలసినది స్వల్పము. నేడు నిర్ణయింపవలసినవి పెక్కు. డయాలిసిస్ మొదలిడవలెనా, చేతికి ముందుగా నాళపు శస్త్రచికిత్స చేయించుకొనవలెనా, కొడుకు ఇచ్చెదనన్న మూత్రపిండమును పుచ్చుకొనవలెనా? నిజము తెలియనివానిచేత ఇన్నింటికి వ్రేలిముద్ర వేయించుట నకిలీ దస్తావేజు పుట్టించుటతో సమానము.

వృద్ధులకు డయాలిసిస్ ఎందుకని తేలికగా మాటలాడువారున్నారు. వారికొక సంగతి చెప్పవలెను. హాలండు దేశమున కోల్ఫ్ అను వైద్యుడు యుద్ధకాలములో నిర్మించిన యంత్రమువలన 1945లో మొట్టమొదట ప్రాణము దక్కినది 67 ఏండ్ల ముసలమ్మకు! ఆ తరువాత 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున స్క్రిబ్నర్ అను వైద్యుడు నిత్యము డయాలిసిస్ చేయుటకు మార్గము కనుగొన్నాడు. యంత్రములు కొద్ది, రోగులు పెక్కు. ఎవరిని బ్రతికింపవలెనో నిర్ణయించుటకు 1961లో ఏడుగురితో ఒక కమిటీ ఏర్పరచిరి. ఒక లాయరు, ఒక పాదిరి, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక శస్త్రవైద్యుడు. 45 ఏండ్లు దాటినవారి పేర్లు ఆ కమిటీ ముందునకు సాధారణముగా రానేరావు. తక్కినవారిలో ఎవరికి పిల్లలున్నారు, ఎవరు చర్చికి పోవుదురు, ఎవరు సంఘమునకు పనికివత్తురు అని చూచి ఎన్నుకొనిరి. 1962లో ఒక పత్రిక ఈ సంగతిని వెల్లడింపగా లోకము నివ్వెరపోయినది. పదేండ్లకు, 1972లో, వయోభేదము లేక డయాలిసిస్ ఖర్చు భరించునట్లు అమెరికా చట్టము చేసినది. మన దేశమున 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము వచ్చి జిల్లా ఆస్పత్రులలో పేదలకు ఉచితముగా చేయుచున్నారు. యంత్రము కొరత కొంత తీరినది. కాని కమిటీ పోలేదు. అది మన వంటయింటి గడపలోనికి వచ్చి కూర్చున్నది. పెద్దకొడుకు, చిన్నకొడుకు, అల్లుడు, ఫోనులో బెంగుళూరు మనుమడు. సియాటిల్ కమిటీలో రోగికి చోటు లేదు. మన కమిటీలోను లేదు.

డయాలిసిస్ అందరు వృద్ధులకును ఒకే మేలు చేయదనుటయు నిజమే. అమెరికా వృద్ధాశ్రమములలో డయాలిసిస్ మొదలిడిన 3,702 మందిని పరిశీలింపగా, ఏడాది తిరుగువేళకు 58 శాతము మంది మరణించిరి. మునుపటి వలె తమ పనులు తాము చేసికొనగల స్థితిలో మిగిలినవారు 13 శాతమే యని 2009లో ప్రకటించినారు. వారు మొదటినుండియు మిక్కిలి బలహీనులు. తన కాళ్ళమీద తిరుగు డెబ్బదియేండ్ల మనిషికి ఈ లెక్క అంటగట్టరాదు. డెబ్బదియైదు దాటి, గుండెజబ్బు మొదలగు వ్యాధులు తోడున్నవారికి, డయాలిసిస్ లేక మందులతోను ఉపశమనముతోను గడుపుటకును, డయాలిసిస్‌తో గడుపుటకును ఆయుర్దాయమున భేదము స్వల్పమని కొన్ని పరిశీలనలు చెప్పుచున్నవి. అట్టివాడు ‘నాకు వలదు, ఇంటనే యుండెదను’ అనుట ఆత్మహత్య యనరాదు. ‘వలయును’ అనుట దురాశ యనరాదు. రెండింటిలో ఏది యనుటకైనను ముందు అతనికి తెలియవలెను.

నాకు దూరపు చుట్టరికముగల ఒక మామ్మగారికి డెబ్బదిరెండవ యేట డయాలిసిస్ మొదలుపెట్టిరి. అదేమని ఆమె అడుగగా “నెత్తురు సుబ్బరం చేత్తారమ్మా, నాలుగుసార్లకి అయిపోద్ది” అని కొడుకు చెప్పెను. ఆమె నమ్మెను. నాలుగవసారి ముగియగనే వైద్యశాలవారికి పంచుటకు ఇంటినుండి అరిసెలు తెచ్చెను. అయిదవసారికి బండి వచ్చినప్పుడు ఆమె ఏమియు అనలేదట. ఆరవసారియు అనలేదు. తొమ్మిదవసారి కోడలు ఆమె ప్రక్కన కూర్చుండి, “అత్తయ్యా, ఇది ఆగేది కాదు, బతికినన్నాళ్ళు ఉంటాది, ఆపితే పది పదిహేను రోజులకంటె ఉండరంట. మీ ఇష్టం ఏటో చెప్పండి” అని చెప్పివేసెను. కొడుకు భార్యపై మండిపడెను. చెప్పినచో తల్లి మానివేయునని అతని భయము. ఆమె మానలేదు. శుక్రవారము మాత్రము తాను రానని, ఆ దినము దీపము పెట్టుకొనవలెనని, సోమ బుధ శుక్రవారములు మార్చి మంగళ గురు శనివారములు చేయుమని అడుగుమనెను. ఆస్పత్రివారు ఒప్పుకొనిరి. నిజము తెలిసిన పిమ్మట ఆమె కోరినది అంత మాత్రమే. అంతకుముందు ఎనిమిదిసార్లు ఆమె దేహము ఆస్పత్రికి పోయివచ్చెను. తొమ్మిదవసారి నుండి ఆమె పోయివచ్చెను.

ఆ కోడలు చేసిన పనిని నేను గొప్ప చదువరులలో సహితము అరుదుగా చూచితిని. ఆమె తేదీ చెప్పలేదు. ఇన్ని నెలలని వాయిదా పెట్టలేదు. రాబోవు కాలమునుగూర్చి వైద్యుడు చెప్పునది గుంపునుగూర్చిన మాట. నూరుగురిలో ఇందరు అని అతడు చెప్పగలడు. ఆ నూరుగురిలో మామ్మగారు ఎవరో అతడెరుగడు. దుబాసీ ఆ గుంపు మాటను ఒక్కరి జాతకముగా మార్చినచో అదియు అసత్యమే. దాచుట ఒక తప్పు, కూర్చి చెప్పుట రెండవ తప్పు. మొదటిదే మనలో ఎక్కువ గనుక దానినిగూర్చియే యింత వ్రాసితిని.

ఇంకొక పక్షమువారున్నారు, వారిని మరువరాదు. కొందరు పెద్దలు ‘నాకు చెప్పవద్దు, మీరే చూచుకొనుడు’ అందురు. అట్లనుటకు వారికి పూర్తి హక్కు కలదు. దానిని మన్నించుటయు సత్యమును మన్నించుటయే. ఏలయనగా ఆ మాట వారి నోటినుండి వచ్చినది. మనము వారి బదులు ఊహించినది కాదు. కావున ఆస్పత్రికి బయలుదేరుటకు ముందే, చీటీలు చేతికి రాకమునుపే, ‘తాతా, డాక్టరు చెప్పినదంతయు నీకు చెప్పవలెనా, కొంత చెప్పవలెనా, నాన్నకు చెప్పిన చాలునా?’ యని అడుగుట మంచిది. ఆపద లేనప్పుడు అడిగిన ప్రశ్నకు నిబ్బరమైన జవాబు వచ్చును. వైద్యుని కూడ రెండు సంఖ్యలు అడిగి తెలిసికొనవలెను: వడపోత యెంత, మూత్రములో ఆల్బుమిన్ యెంత. నిరుడు ఎంత యుండెనని మూడవది. క్రియాటినిన్ ఒక్కటియే చూచి మురియుటయు, ఏడ్చుటయు కూడదు. అది కండనుండి పుట్టునది గనుక బక్కచిక్కిన ముసలివానిలో బాగుగానే కనబడి మోసగించును.

అన్నిటికంటె నన్ను బాధించునది వేరొకటి. తల్లిదండ్రులకు పనులుండుటచేతను, ఒడియా బడిలో చదువుకొన్నదనుటచేతను, తొమ్మిదవ తరగతి పిల్లను అమ్మమ్మకు తోడు పంపుచున్నారు. వైద్యుడు చెప్పినది ఆ పిల్ల వినును. అర్థమైనంత అర్థమగును. వరండాలో అమ్మమ్మ “ఏమన్నారే?” యని అడుగును. పదునాలుగేండ్ల పిల్ల చరకునికిని మనువునకును లొంగని ప్రశ్నను అచ్చట నిలువుగా తీర్చవలెను! ఆ పిల్ల ‘ఏమీ లేదు’ అన్నచో ఎవరు తప్పుపట్టగలరు? పెద్దవారు చేయవలసిన పనిని దానిచేత చేయించినవారిని తప్పుపట్టవలెను.

మా వీధిలో ఉద్యోగము విరమించిన నర్సమ్మగారు ఒకరున్నారు. రెండు భాషలును ఎరిగినవారు. పిలిచినచో ఎవరి వెంటనైనను ఆస్పత్రికి వచ్చి మాట చేరవేయుచున్నారు. కాఫీ తప్ప మరేమియు పుచ్చుకొనరు. వారు పెట్టు నియమము ఒక్కటి. రోగి వైద్యుని ఎదుటి కుర్చీలో కూర్చుండవలెను. కొడుకులును కోడండ్రును వెనుక నిలువవలెను. ఆమె తెలుగులో చెప్పి ముగించువరకు వెనుకనుండి ఎవరును సైగ చేయరాదు.